చెకుముకి రైఫిల్: కొనడం నుంచి గురి కుదిరేదాకా

చెకుముకి రైఫిల్ కొనడానికి వెళ్లినవాళ్ల చెయ్యి ముందు చెక్క మీదికే పోతుంది. చారలు తేలిన మేపుల్ చెక్క, ఇత్తడి పట్టీలు, మూడున్నర అడుగుల ఎనిమిది పలకల గొట్టం. చూస్తే మనసు ఆగదు. మీరు మాత్రం ముందు లాక్ చూడండి. కుడిపక్కన అరచేయంత ఉండే యంత్రం అది. ఈ తుపాకితో మీరు టార్గెట్ కొడతారా, లేక శనివారాలన్నీ రాయి సర్దుకోవడంతోనే గడుపుతారా అన్నది సగానికి పైగా అక్కడే తేలిపోతుంది.

అది పనిచేసే తీరు ఇదీ. మీట నొక్కగానే హ్యామర్ దవడల్లో బిగించిన చెకుముకి రాయి ముందుకు దూకి, ఫ్రిజెన్ అనే ఉక్కు పలకను గీరుతుంది. ఆ దెబ్బకు ఫ్రిజెన్ ముందుకు తెరుచుకుంటుంది. రాలిన నిప్పురవ్వలు కింద ఉన్న చిన్న గిన్నెలోని మందు మీద పడతాయి. ఆ గిన్నెను పాన్ అంటారు, అందులో వేసే మందును మన పాతవాళ్లు రంజకం అన్నారు. రంజకం భగ్గుమంటే ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రంలోంచి లోపలి మందుకు అంటుకుంటుంది. ఆ రంధ్రమే తుపాకి చెవి. మందు దట్టించడం, రంజకం, చెవి అన్నీ మనకున్న మాటలే కాబట్టి ఇక్కడ వాటినే వాడతాను. బ్లాక్ పౌడర్‌ని మాత్రం అలాగే ఉంచుతాను, ఎందుకంటే నల్లమందు అంటే మనకు పూర్తిగా వేరే వస్తువు.

ముందు చట్టం సంగతి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. నేనుండేది ఒహాయోలో. ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: మూతి నుంచి మందు దట్టించే తుపాకి అయినా అక్కడ 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదు. ఇక్కడ కొన్నదాన్ని సామానులో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 వరకు తయారైన తుపాకులు, వాటి నమూనాలో ఇప్పుడు చేస్తున్న చెకుముకి తుపాకులు యాంటిక్ లెక్కలోకి వస్తాయి. అందుకే చాలా రాష్ట్రాల్లో వీటిని ఆర్డర్ చేస్తే నేరుగా ఇంటికే పంపుతారు. అంతమాత్రాన తొందరపడొద్దు, రాష్ట్రాల చట్టాలు వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఈ నమూనా తుపాకికి కూడా కొనుగోలు ఐడీ కార్డు కావాలి. ఇక హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు మామూలు తుపాకుల విషయంలో కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ నిషేధం ఉంది. యాంటిక్ తుపాకులు ఆ లెక్కలోకి రాకపోయినా, బ్లాక్ పౌడర్ నిబంధనలు వేరే, రాష్ట్ర చట్టం వేరే. వీసా మీద ఉంటే కొనేముందు లాయర్‌కి ఫీజు కట్టి అడగండి. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడినవాళ్లు ఒక సరదా కోసం దాన్ని పణంగా పెట్టకూడదు. అప్పటిదాకా క్లబ్బు మెంబర్ల పక్కన నిలబడి చూస్తూ నేర్చుకోవడానికి చాలానే ఉంది.

ఏ రైఫిల్ కొనాలి

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి యేగర్ రైఫిల్‌ని సాగదీసి సన్నంగా పొడుగ్గా మలిచారు. పెన్సిల్వేనియా రైఫిల్, కెంటకీ రైఫిల్ అన్నవి ఆ వంశానివే. ఇప్పుడు దొరికే నమూనాలు చాలావరకు ఆ రూపంలోనే ఉంటాయి.

తక్కువ ఖర్చులో మొదలుపెట్టాలంటే ట్రెడిషన్స్ కంపెనీ కెంటకీ రైఫిల్ ఉంది, కిట్‌గా కూడా దొరుకుతుంది. దానికంటే ఒక మెట్టు పైన ఇటలీ పెడర్సోలి. గార్డోనే వాల్ ట్రోంపియా అనే తుపాకుల ఊళ్లో 1957లో మొదలైన కంపెనీ అది. అంతర్జాతీయ పోటీల్లో వాళ్ల రైఫిళ్లు బాగా కనిపిస్తాయి. చేతిపని ఇష్టమైతే ఒహాయోలోనే తయారయ్యే కిబ్లర్ కిట్. చెక్క, గొట్టం, లాక్ మిషన్ మీద కచ్చితంగా కోసి వస్తాయి, నున్నగా రుద్ది రంగు పట్టించి బిగించుకునే పని మనది. నా సలహా అడిగితే డబ్బు కూడేదాకా ఆరు నెలలు ఆగి అయినా మంచి లాక్ ఉన్నదే కొనండి. చౌక రైఫిల్ గొట్టాలు చాలాసార్లు బాగానే ఉంటాయి. కానీ పదిసార్లు మీట నొక్కితే నాలుగుసార్లు పేలని తుపాకితో గురి నేర్చుకోవడం ఎవరివల్లా కాదు. అయిదో దెబ్బ నుంచి చెయ్యి ముందుగానే అదరడం మొదలవుతుంది, ఆ అలవాటు వదిలించుకోవడానికి ఏడాది పడుతుంది.

కాగితం టార్గెట్లే కొట్టేదైతే .45 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం లోపలి వెడల్పు) చాలు. భుజానికి సుఖం, సీసం, మందు తక్కువ పడతాయి. జింకల వేట కూడా మనసులో ఉంటే .50 తీసుకోండి. పెన్సిల్వేనియాలో 1974 నుంచి చెకుముకి తుపాకులకంటూ విడిగా జింకల సీజన్ ఉంది, ఇప్పుడది క్రిస్మస్ మర్నాటి నుంచి నడుస్తుంది. గొట్టం లోపల గుండును గిర్రున తిప్పే గాళ్ల మెలిక కూడా అడగండి. గుండ్రటి సీసపు గుండుకు నెమ్మది మెలిక కావాలి, అంటే 48 అంగుళాలకో అంతకంటే ఎక్కువ పొడవుకో ఒక చుట్టు. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి పొడుగాటి బుల్లెట్ల కోసం చేసినవి, మనకు వద్దు.

కొనేముందు ఒక్కసారి భుజానికెత్తి అర నిమిషం అలాగే నిలబడండి. పొడుగు గొట్టం బరువంతా ముందుకు లాగుతుంది. తుపాకి మడమ నుంచి మీట దాకా ఉండే దూరం మన చేతులకు 13 లేదా 13.5 అంగుళాలుంటే హాయిగా ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లు ఎడమ లాక్ ఉన్నదే అడగండి, లేదంటే రంజకం మంట కళ్లకు మరీ దగ్గర్లో లేస్తుంది.

ఇండియాలో తయారై ఇక్కడికి వచ్చే, పాత బ్రిటిష్ సైన్యపు బ్రౌన్ బెస్ లాంటి మస్కెట్లు కూడా చూస్తారు. వాటిలో చాలావాటికి చెవి రంధ్రం వెయ్యకుండానే అమ్ముతారు. చరిత్ర ప్రదర్శనలకు బాగుంటాయి, మన దేశపు పనితనం అని నాకూ ప్రేమే. కానీ వాటి గొట్టంలో గాళ్లుండవు. టార్గెట్ రైఫిల్ అనుకుని కొనకండి.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి

సెకండ్‌హ్యాండ్ అయితే మొట్టమొదట అది దట్టించి ఉందేమో చూడాలి. గజాన్ని, అంటే మందు దట్టించే కడ్డీని, గొట్టంలోకి అడుగుదాకా దింపి మూతి దగ్గర వేలితో గుర్తు పట్టుకోండి. తర్వాత బయటికి తీసి గొట్టం పక్కన అదే కొలతలో ఆనించి చూడండి. కొస చెవి రంధ్రం దాకా రావాలి. నేను కొన్న రెండో రైఫిల్‌కి అలా ఆనిస్తే అంగుళానికి పైగా తక్కువొచ్చింది. అమ్మినాయన ఖాళీగానే ఉందన్నాడు, నిజంగా అలాగే అనుకుంటున్నాడు కూడా. గుండు లాగే స్క్రూ పెట్టి తీస్తే ముందు గుడ్డతో సహా గుండు, దాని వెనక గడ్డకట్టిన మందు. ఎన్నేళ్ల నుంచి ఆ గోడకు అలా వేలాడుతోందో. అప్పటినుంచి నా సొంత తుపాకి బీరువాలోంచి తీసినా ఈ పరీక్ష చెయ్యకుండా ముందుకెళ్లను.

తర్వాత అనుమతి అడిగి, ఖాళీ తుపాకితో, మసక వెలుతురులో లాక్ ఒకసారి కొట్టించండి. మంచి లాక్ అయితే తెల్లటి రవ్వలు పాన్‌లోకి గుత్తిగా రాలి, పడ్డాక కూడా ఒక్క క్షణం చిటపటలాడతాయి. ఒకటో రెండో ఎర్రటి రవ్వలు ఎటో ఎగిరితే రాయి అరిగిందో, ఫ్రిజెన్ ఉక్కు మెత్తనో. కొత్త రాయి పెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే వదిలెయ్యండి. ఫ్రిజెన్ మూశాక చెవి రంధ్రం పాన్ పై అంచుకు దాదాపు సమంగా కనిపించాలి. మరీ కిందికి ఉంటే ఎప్పుడూ ఆలస్యంగానే పేలుతుంది. గొట్టంలోకి చిన్న లైటు దింపి తుప్పు గుంటలున్నాయేమో చూడండి. హ్యామర్ సగం ఎత్తి ఉంచినప్పుడు మీట గట్టిగా లాగినా పడకూడదు. ఇటలీవైతే గొట్టం మీద బ్లాక్ పౌడర్ పరీక్ష ముద్ర, పిఎన్ అనే అక్షరాలు ఉంటాయి.

సామగ్రి

అసలైన బ్లాక్ పౌడరే కొనండి. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాతకాలపు మందు అది. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి వేడి ఎక్కువ కావాలి, చెకుముకి రవ్వలకు సరిగా అందుకోవు. పొగరాని ఆధునిక మందు మాత్రం చిటికెడు కూడా ఈ గొట్టంలో పడకూడదు, గొట్టం పగిలి ప్రాణం మీదికి వస్తుంది. డబ్బా మీద ఎఫ్‌లు ఎక్కువైతే మందు అంత మెత్తన: గొట్టంలోకి మూడు ఎఫ్‌ల రకం, రంజకానికి ఇంకా మెత్తటి నాలుగు ఎఫ్‌ల రకం. పౌనుకు 7000 గ్రెయిన్లు కాబట్టి దెబ్బకు 50 వాడితే ఒక పౌను 140 దెబ్బలకు వస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే ప్రమాదకర సరుకు రవాణా ఖర్చు అదనం, అందుకే మాలో నలుగురైదుగురం కలిసి తెప్పించుకుంటాం. వచ్చిన డబ్బాలోనే, పిల్లలకూ పొయ్యికీ దూరంగా ఉంచండి. విమానంలో తీసుకెళ్లకూడదు.

గుండ్లు మెత్తటి స్వచ్ఛమైన సీసంవి. .50 గొట్టానికి .490, .45కి .440 కొలతతో మొదలుపెట్టండి. గుండును చుట్టే గుడ్డ నూరుశాతం నూలు అయి ఉండాలి. ఇక్కడ దిండ్లకు వాడే చారల గుడ్డ వాడతారు, మన పరుపుల గుడ్డలాగా దిట్టంగా ఉంటుంది. పాలిస్టర్ కలిస్తే గొట్టంలో కరిగి అంటుకుంటుంది. గుడ్డకు ఆలివ్ నూనె గానీ, తేనెమైనం, కొవ్వు కలిపిన జిడ్డు గానీ పట్టించండి. ఇవి కాక మందు కొలిచే గొట్టం, గుండును మూతిలోకి దించే పొట్టి కర్ర, తుపాకి చెవి పొడిచే సన్నని తీగ, గుండు లాగే స్క్రూ, కంటి అద్దాలు, మన చెవులకు రక్షణ కావాలి.

రాయి బిగించడం

రాయిని పలచటి తోలు ముక్కలో చుట్టి దవడల మధ్య పెట్టండి. హ్యామర్ సగం ఎత్తు మీద ఉండగా రాయి అంచు ఫ్రిజెన్‌కు దగ్గరగా, తగలకుండా ఉండాలి. అంచు ఫ్రిజెన్ వెడల్పుకు సమాంతరంగా ఉండాలి, ఒక మూల ముందుకొస్తే ఆ మూలే కొట్టి విరిగిపోతుంది. హ్యామర్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా దింపుతూ చూడండి. ఫ్రిజెన్‌ను పైనుంచి మూడో వంతు దగ్గర తాకి, కిందిదాకా గీరుకుంటూ రావాలి. మరీ కింద తాకితే రాయిని తలకిందులు చేసి పెట్టి చూడండి. ఒక్కో లాక్‌కి ఒక్కోటి నచ్చుతుంది. ఇంగ్లండ్‌లో బ్రాండన్ అనే ఊరి నల్లరాళ్లకు, తేనెరంగు ఫ్రెంచి రాళ్లకు తరాలుగా మంచి పేరుంది.

పదిహేను ఇరవై దెబ్బలకు అంచు మొద్దుబారుతుంది. అప్పుడు చిన్న ఇత్తడి కడ్డీతో అంచు కిందిభాగాన్ని మెల్లగా తట్టి పెచ్చులు లేపితే కొత్త పదును వస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చెయ్యొద్దు. రాయినీ ఫ్రిజెన్‌నీ పొడిగుడ్డతో ప్రతి దెబ్బకూ తుడవండి. వేలిముద్రల జిడ్డు కూడా రవ్వల్ని చంపుతుంది.

దట్టించడం

రేంజ్ నియమాలు చదివి, మొదటిసారి అనుభవమున్నవాళ్లను పక్కన పెట్టుకుని చెయ్యండి. ఈ వరుస ఎప్పటికీ మారకూడదు.

ఒకటి. గొట్టంలో నూనె లేకుండా పొడిగుడ్డతో తుడిచి, చెవిని తీగతో పొడవండి. ఫ్రిజెన్ తెరిచి, పాన్ ఖాళీగా ఉంచండి. పాన్‌లో రంజకం ఉండగా మూతి దగ్గర చెయ్యి పెట్టకూడదు.

రెండు. తుపాకిని నిలబెట్టి, మూతి మీ ముఖానికి దూరంగా వంచి, కొలగొట్టంలో కొలిచిన మందు పొయ్యండి. .50కి 50 గ్రెయిన్లు, .45కి 45 మొదలుపెట్టడానికి సరిపోతాయి. కంపెనీ పుస్తకంలో ఉన్న గరిష్ఠం దాటొద్దు. డబ్బాలోంచో మందు నింపుకునే కొమ్ములోంచో నేరుగా ఎప్పుడూ పొయ్యకండి, గొట్టంలో మిగిలిన నిప్పుకణిక ఒక్కటి చాలు, చేతిలోని డబ్బా అంతా అంటుకుంటుంది. మందు పోశాక గొట్టాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టండి.

మూడు. మూతి మీద జిడ్డు గుడ్డ, దాని మీద గుండు. పొట్టికర్రతో లోపలికి నెట్టి, ఆ తర్వాత గజంతో దింపండి. గజాన్ని మూతికి జానెడు పైనే పట్టుకుని, కొంచెం కొంచెంగా నెట్టాలి. పైకొసన పట్టుకుని బలంగా తోస్తే చెక్కగజం విరిగి ఆ చీలిక అరచేతిలోంచి దిగుతుంది. గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బిపోతుంది. మొదటిసారి సరిగా కూర్చున్నప్పుడే మూతి దగ్గర గజం మీద గీత గీసుకోండి, ప్రతిసారీ ఆ గీత మూతికి రావాలి.

నాలుగు. గజం బయటికి తీసి బల్ల మీద పెట్టండి. తీశానా లేదా అని ఇంకోసారి కళ్లతో చూసుకోండి.

అయిదు. కాల్చే గీత దగ్గరికి వచ్చి, మూతి టార్గెట్ వైపు ఉంచి, ఇప్పుడు రంజకం వెయ్యండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎక్కువేస్తే బాగా అంటుకుంటుందనుకుని పాన్ నిండా వేస్తారు. మందు చెవిని కప్పేస్తే అది సీమటపాకాయ వత్తిలాగా ముందు నుంచి వెనక్కి కాలుకుంటూ పోవాలి, సుర్‌ర్‌మని ఆగి అప్పుడు పేలుతుంది. చెవి కింద వరకే, పాన్‌లో మూడో వంతు వేస్తే మంట ఒక్క దూకుతో లోపలికి పోతుంది. ఈ తేడా చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. మంచి దెబ్బకు రెండు చప్పుళ్లు ఒకటైపోతాయి.

కాల్చడం

కుడిపక్కన ఎవరూ లేకుండా చూసుకోండి, చెవిలోంచి మంట పక్కకు చిమ్ముతుంది. ఫ్రిజెన్ మూసి, హ్యామర్ పూర్తిగా ఎత్తి, గురి చూసి, మీటను నెమ్మదిగా నొక్కండి. కళ్లముందు మెరుపు, పొగ లేస్తాయి. ఆ తర్వాత కూడా గురి టార్గెట్ మీదే ఉంచండి. పొగలోంచి టార్గెట్ మళ్లీ కనిపించేదాకా చెంప చెక్క మీద నుంచి లేవకూడదు. చెకుముకి రైఫిల్‌లో గురి అంటే అసలు ఇదే. మెరుపుకు కళ్లు మూసుకున్నవాళ్ల గుండు ఎక్కడికి పోతుందో వాళ్లకే తెలియదు.

దీనికి ఇంట్లో చేసే సాధన ఒకటుంది. రాయి స్థానంలో అదే మందాన చెక్కముక్క బిగించి, ఖాళీ తుపాకితో గోడ మీది చుక్కకు గురిపెట్టి రోజూ ఇరవైసార్లు మీట నొక్కండి. ముందుగా గజం పరీక్ష మాత్రం మర్చిపోవద్దు. రేంజ్‌లో స్నేహితుడితో ఫోన్ స్లో మోషన్‌లో మీ ముఖం తీయించుకోండి. నా మొదటి వీడియోలో హ్యామర్ సగం దారిలో ఉండగానే నా కళ్లు గట్టిగా మూతపడి, మూతి రెండంగుళాలు కిందికి వాలింది. అంతకుముందు మూడు నెలలు గుడ్డలు, మందు కొలతలు మారుస్తూ కూర్చున్నాను. లోపం తుపాకిలో లేదని ఆ వీడియో చూశాకే అర్థమైంది.

పేలకపోతే కంగారు వద్దు. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. తర్వాత చెవి పొడిచి, రాయి తుడిచి, కొత్త రంజకం వెయ్యండి. మందు పొయ్యకుండా గుండు దింపేస్తే, ఎవరికైనా ఎప్పుడో ఒకసారి జరిగేదే, గుండు లాగే స్క్రూతో తియ్యండి. రెండో దెబ్బకు ముందు కాస్త ఆగి, తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి గొట్టంలో దింపండి. నిప్పుకణికలు ఆరిపోతాయి, మసి పేరుకోదు, ప్రతి గుండూ ఒకే గొట్టంలోంచి పోయినట్టు ఉంటుంది.

గురి కుదర్చడం

ఇసుక సంచి మీద ఆనించి 25 గజాల దగ్గర అయిదేసి దెబ్బలు కొట్టండి. మందు అయిదేసి గ్రెయిన్లు పెంచుతూ గుంపు ఎక్కడ చిన్నదవుతుందో రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. కాల్పులు ఆపినప్పుడు ముందుకెళ్లి నేల మీద పడ్డ గుడ్డల్ని ఏరుకోండి, అవి అన్నీ చెబుతాయి. మధ్యలో నల్లటి గుండ్రం ఉండి అంచులు బాగుంటే సరే. చిరిగితే గుడ్డ పలచనో, గాళ్ల అంచులు పదునో. కాలిపోతే జిడ్డు చాలలేదు. దెబ్బ కుడికి పోవాలంటే వెనక సైటు కుడికి జరపండి. దెబ్బ పైకి లేవాలంటే ముందు సైటును ఆకురాయితో రుద్ది తగ్గించాలి, కానీ 50 గజాల దగ్గర మందు కొలత ఖాయమయ్యేదాకా ఆకురాయి ముట్టుకోవద్దు. అరిగినది తిరిగి రాదు.

కొంచెం చెయ్యి కుదిరాక ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే పల్లెకు వెళ్లండి. 1933లో పుట్టిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ అక్కడ జూన్, సెప్టెంబర్ నెలల్లో పోటీలు పెడుతుంది. అడిగితే అక్కడికొచ్చే పెద్దవాళ్లు తమ పని ఆపి మీ రాయి సర్దిపెడతారు. అంతర్జాతీయ పోటీల్లో 50 గజాలు కాదు, 50 మీటర్లు. అరగంటలో 13 దెబ్బలు, వాటిలో మంచివి 10 లెక్కిస్తారు.

అదేరోజు కడగాలి

మందు మసి గాలిలో తేమను పీల్చి రాత్రికి రాత్రే ఉక్కును తినేస్తుంది. ఇంటికి రాగానే, అన్నానికి కూర్చోకముందే కడగండి. చెవిలో అగ్గిపుల్ల దోపి, గొట్టంలో గోరువెచ్చని సబ్బునీళ్లు పోసి, కాసేపు ఉంచి పారబొయ్యండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. తర్వాత పొడిగుడ్డలు తెల్లగా బయటికి వచ్చేదాకా తుడిచి నూనె పట్టించండి. లాక్ రెండు మూడు స్క్రూలతో ఊడొస్తుంది. విప్పి, కడిగి, ఆరబెట్టి, కీళ్ల దగ్గర ఒక్కో చుక్క నూనె వెయ్యండి.

మర్నాడు పొద్దున ఒక తెల్లగుడ్డ గొట్టంలో దింపి తీసి వెలుతురులో చూడండి. దానిమీద లేత గోధుమరంగు కనిపిస్తే లోపల మసి మిగిలినట్టే, మళ్లీ నీళ్లు కాచండి.